కెలింగ్: మన తీరం పేరు మలయ్ నేలపై తిట్టెలా అయింది?

మలేషియాలోని మెలాకా పాత ఊళ్లో తుకాంగ్ ఎమాస్ అని ఒక సన్నటి వీధి ఉంది. మలయ్ భాషలో ఆ మాటకు కంసాలి అని అర్థం. ఆ వీధిలో 1781లో కట్టిన వినాయకుడి గుడి ఉంది. రెండడుగులు వేస్తే ఒక మసీదు, ఇంకాస్త ముందుకు పోతే 17వ శతాబ్దం నాటి చైనా దేవాలయం వస్తాయి. మసీదు చూడటానికి వింతగా ఉంటుంది. గుమ్మటం ఉండదు. ఒకదానిపై ఒకటి మూడు అంతస్తులుగా పేర్చిన కప్పు ఉంటుంది. మినారు బౌద్ధుల పగోడాను తలపిస్తుంది. లోపల గ్రీకు తరహా స్తంభాలు, నేలమీదా గోడలకూ ఐరోపా నుంచి వచ్చిన పలకలు, పైన ఇంగ్లండు తరహా దీపాల గుత్తి. 1748లో చెక్కతో కట్టి, 1872లో ఇటుకలతో తిరగ కట్టిన ఈ మసీదు పేరు ‘మస్జిద్ కంపుంగ్ కెలింగ్’. కంపుంగ్ అంటే పల్లె, పేట. అంటే ఇది కెలింగ్‌పేట మసీదు. ‘క్లింగ్’ అని కూడా రాస్తారు.

పెద్ద అక్షరాలతో బోర్డు మీద గౌరవంగా నిలబడ్డ ఈ మాటనే అదే ఊళ్లో ఒక భారతీయ సంతతి మనిషిని పట్టుకుని ఎవరైనా అంటే గొడవ ఖాయం. మలేషియాలోనూ సింగపూర్‌లోనూ ఈ రోజు ‘కెలింగ్’ తిట్టు కిందే లెక్క. నల్లవాడా, కూలోడా, తాగుబోతా అన్నంత చులకన అందులో వినబడుతుంది. బడిలో పిల్లలు ఆ మాట అంటే అమ్మానాన్నలు పంతుళ్ల దగ్గరికి వెళ్లి నిలదీస్తారు.

ఈ మాట పుట్టింది మాత్రం కళింగం నుంచి. శ్రీకాకుళం జిల్లాలో వంశధార నది సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉంది. ఆ ఊరి పేరులో ఉన్న కళింగమే మెలాకా మసీదు పేరులోనూ ఉంది. మన విమర్శకులు ఉత్తరాంధ్ర రచయితల గురించి మాట్లాడేటప్పుడు ‘కళింగాంధ్ర కథ’ అని మురిపెంగా అంటారు. శ్రీకాకుళంలో కాళింగులు అనే పెద్ద సామాజిక వర్గమే ఉంది. ఇక్కడ గర్వంగా చెప్పుకునే పేరు సముద్రం దాటాక తిట్టయింది. అది ఎలా జరిగిందో తెలుసుకోవడం మలేషియా వాళ్లకే కాదు, తెలుగువాళ్లకూ అవసరం.

ముందు ఉచ్చారణ సంగతి. ‘కెలింగ్’లో మొదటి అచ్చు నిజానికి మన ‘ఎ’ కాదు. అ, ఎలకు మధ్యలో ఎక్కడో మింగేసినట్టు పలికే చిన్న అచ్చు అది. దానికి తెలుగులో అక్షరం లేదు. అందుకే కొందరికి ‘క్లింగ్’ అనీ, కొందరికి ‘కలింగ్’ అనీ వినిపిస్తుంది. మూడక్షరాల సంస్కృత పదం మలయ్‌లోకి వెళ్లినప్పుడు మొదటి అక్షరంలోని ‘అ’ ఇలా బలహీనపడటం మామూలే. నగర అనే మాట అక్కడ ‘నెగర’ అయింది, దేశం అనే అర్థంతో. కపాలం ‘కెపాల’ అయింది. మనకు కపాలం పుర్రె అయితే వాళ్లకు కెపాల మామూలు తలకాయే. తలనొప్పి అన్నా కెపాలే, ఆఫీసులో పెద్ద అన్నా కెపాలే. ఈ దారిలోనే కళింగలోని మొదటి అచ్చు మెత్తబడింది, చివరి అచ్చు రాలిపోయింది. కెలింగ్ అలా తయారైంది. ఇందులో పండితులకు పెద్దగా తగువు లేదు.

తగువంతా కళింగమంటే ఏ ప్రాంతమన్న దాని దగ్గరే. అశోకుడు క్రీస్తుపూర్వం 261 ప్రాంతంలో యుద్ధం చేసిన కళింగంలో నేటి ఒడిశా తీరంతో పాటు ఉత్తరాంధ్ర కూడా ఉంది. తర్వాతి కాలంలో తూర్పు గాంగులు శ్రీకాకుళం జిల్లా ముఖలింగాన్ని కళింగనగరం అనే పేరుతో రాజధాని చేసుకుని ఏలారు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒడిశా వాళ్లు కళింగం తమదంటారు. ఆ మాట నిజమే. కటక్‌లో ఏటా కార్తీక పౌర్ణమికి జరిగే బాలి జాతర ఆ సముద్రయానాల జ్ఞాపకమే. అయితే కళింగం సగం మన వైపు ఉందన్నది కూడా అంతే నిజం. భాష ప్రకారం గీసిన నేటి రాష్ట్రాల సరిహద్దులను రెండు వేల ఏళ్ల కిందటి రాజ్యం మీద పెట్టి చూస్తే అర్థం చెడుతుంది.

ఆ తీరం నుంచి తూర్పు దీవులకు రాకపోకలు ఉన్నట్టు సాక్ష్యాలు చాలా పాతవి. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ ‘బంగారు దేశానికి’ పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి మళ్లే చోటొకటి ఉందని రాశాడు. ఆ చోటు కృష్ణా ముఖద్వారానికి ఉత్తరాన, కళింగ తీరం వైపు వస్తుంది. కాళిదాసు రఘువంశంలో ఇందుమతీ స్వయంవరం ఘట్టం ఉంది. అందులో చెలికత్తె సునంద కళింగరాజును చూపిస్తూ, ‘తాడితోపులు గలగలలాడే సముద్రతీరాల్లో ఈయనతో విహరించు, వేరే ద్వీపాల నుంచి లవంగపూల వాసన మోసుకొచ్చే గాలి నీ చెమట ఆరుస్తుంది’ అంటుంది. లవంగాలు ఆ రోజుల్లో ప్రపంచం మొత్తం మీద ఇండొనేషియా తూర్పు చివరనున్న మలుకు దీవుల్లోనే కాసేవి. కవి చేసింది వర్ణనే అయినా, కళింగం పేరు చెప్పగానే దూరదీవుల లవంగం గుర్తుకు రావడం ఉత్త కల్పన కాదు. సరుకు వచ్చేది కాబట్టే పోలిక వచ్చింది.

అవతలి ఒడ్డున ఏముందో చూద్దాం. ఏడో శతాబ్దపు చైనా రికార్డుల్లో జావా ద్వీపంలో ‘హోలింగ్’ అనే రాజ్యం ఉంది. అది కళింగ అనే పేరుకు చైనీయుల ఉచ్చారణ అని చాలామంది, కాదని కొందరు వాదిస్తారు. మధ్య జావాలోని జెపారా జిల్లాలో కెలింగ్ అనే మండలం ఇప్పటికీ ఉంది. ఏ వాదానికీ తావివ్వని సాక్ష్యం జావా రాజుల శాసనాల్లో దొరుకుతుంది. తూర్పు జావాను ఏలిన ఐర్లంగ్గ రాజు 1021లో వేయించిన చానే శాసనంలో, రాజుకు పన్ను కట్టాల్సిన విదేశీయుల జాబితా ఉంది. క్లింగ్, ఆర్య, సింహళ, పండికిర, ద్రవిడ, చంపా, రమన్, క్మిర్ వంటి పేర్లు అందులో వరసగా వస్తాయి. సింహళులు శ్రీలంక వాళ్లు, చంపా వాళ్లు నేటి వియత్నాం వాళ్లు, రమన్ అంటే బర్మాలోని మోన్లు, క్మిర్ అంటే కంబోడియా వాళ్లు.

ఈ జాబితాలో క్లింగ్ వేరుగా, ద్రవిడ వేరుగా ఉండటం చాలా ముఖ్యమైన సంగతి. పన్ను వసూలు చేసే గుమాస్తాకు ఈ తేడా డబ్బుతో ముడిపడ్డ తేడా. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలియకపోతే అతని లెక్కే తప్పుతుంది. పదకొండో శతాబ్దపు జావాలో క్లింగ్ అనగానే దక్షిణ భారతీయులందరూ అని కాకుండా, తూర్పుతీరంలో ఒక ప్రత్యేక ప్రాంతం వాళ్లని అర్థమయ్యేది. తమిళ దేశం వాళ్లకు ద్రవిడ అనే వేరే పేరు ఉంది. ఈ మాట మీద జరిగే చర్చల్లో చానే శాసనం ప్రస్తావన తక్కువగా వినిపిస్తుంది గాని, ‘కెలింగ్ అంటే మొదటి నుంచీ తమిళులే’ అనే వాదనకు ఇది గట్టి జవాబు.

మరి తర్వాత ఏమైంది? మాట తీరం వెంబడి దక్షిణానికి జారింది. పదిహేనో శతాబ్దంలో మెలాకా పెద్ద రేవుగా ఎదిగే నాటికి అక్కడికి వచ్చే వర్తకుల్లో పులికాట్, నాగపట్నం వైపు వాళ్లు ఎక్కువ. మలయులు కొత్త పేరు పెట్టే పని పెట్టుకోలేదు. పాత పేరునే కోరమండల తీరం మొత్తానికీ సాగదీశారు. భాషాశాస్త్రం దీన్ని అర్థవ్యాకోచం అంటుంది. అయినా తెలుగు తీరం లెక్కలోంచి పోలేదు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల రేవైన మచిలీపట్నం నుంచి సుమత్రాలోని అచేకు బట్టల ఓడలు పోతూనే ఉండేవి. 1856లో అచ్చయిన తన నిఘంటువులో బ్రిటిష్ అధికారి జాన్ క్రాఫర్డ్ కూడా ఈ మాటను తెలుగు దేశంతోనే ముడిపెట్టాడు.

పాత మలయ్ గ్రంథాల్లో ‘బెనువా కెలింగ్’ అని వస్తుంది. బెనువా అంటే దేశం, ఖండం. ఆ గ్రంథాలు లోకాన్ని గాలిని బట్టి రెండుగా విడదీస్తాయి. భారతదేశం, అరేబియా వంటివి ‘గాలికి పైనున్న దేశాలు’, మలయ్ దీవులు ‘గాలికి కిందనున్న దేశాలు’. రుతుపవనాల మీద బతికిన ఓడల జనం చేసుకున్న విభజన అది. ఆ గాలి పైదేశాల్లో కెలింగ్‌కు మంచి పేరుంది. పదిహేడో శతాబ్దంలో రూపు దిద్దుకున్న ‘హికాయత్ హంగ్ తువా’ మలయుల వీరగాథ. అందులో కథానాయకుడు హంగ్ తువాను మెలాకా రాజు కెలింగ్ దేశానికి రాయబారిగా పంపిస్తాడు. అతను చేరే నగరం పేరు ‘బిజయ నగరం’. అక్కడ ఏలే రాజు పేరు ‘కిస్న రాయన్’.

తెలుగువాడు ఈ రెండు పేర్లు చూసి ఒక్క క్షణం ఆగిపోతాడు. విజయనగరం, కృష్ణరాయలు. 1509 నుంచి 1529 దాకా ఏలిన మన రాయలు మలయ్ కథలోకి కెలింగ్ రాజుగా నడిచి వెళ్లాడు. కథలోని సంఘటనలు చరిత్ర కాదు. కాని సముద్రానికి అవతల ఎక్కడో, అక్కడి జనం తమ వీరుడి గొప్పదనం చెప్పడానికి ఎంచుకున్న కొలువు రాయల కొలువు. ఇంకో విశేషం ఉంది. చరిత్రలో కృష్ణదేవరాయలు కళింగ గజపతి మీదికి దండెత్తినవాడు. 1516లో సింహాచలం వెళ్లి శాసనం వేయించాడు, పొట్నూరులో జయస్తంభం నాటాడు. కళింగాన్ని గెలిచిన రాజు మలయ్ కథలో కెలింగ్‌కు రాజయ్యాడు. మాట ఎంత దూరం జరిగిందో, ఎంత గౌరవం మోసిందో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1511 ఆగస్టులో పోర్చుగీసు వాళ్లు మెలాకాను పట్టుకున్నారు. మరుసటి ఏడు అక్కడికి వచ్చిన పోర్చుగీసు వాడు టోమే పిరెస్ రాసిన వివరాల్లో ఆ రేవులో నలుగురు షాబందర్లు, అంటే రేవు అధికారులు, ఉండేవారని ఉంది. గుజరాతీలకు ఒకరు, కెలింగ్, బెంగాల్, బర్మాలోని పెగూ, సుమత్రాలోని పసాయ్ వర్తకులకు ఒకరు, జావా, తూర్పు దీవుల వాళ్లకు ఒకరు, చైనా వైపు వాళ్లకు ఒకరు. పోర్చుగీసులో ఆయన దాన్ని ‘బునువకెలిం’ అని రాసుకున్నాడు. బెనువా కెలింగ్ అనే మాటను చెవికి విన్నది విన్నట్టు రాశాడన్నమాట. నగరం చేజిక్కాక పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ హిందూ వర్తకుల మీద పెద్దగా నియమించింది కూడా ఒక కెలింగ్ వర్తకుణ్ణే. పోర్చుగీసు వాళ్లు అతన్ని నినచాటు అని రాశారు.

గౌరవం ఎంతకాలం నిలిచిందో తెలియాలంటే మున్షీ అబ్దుల్లా ఆత్మకథ చదవాలి. 1849లో అచ్చయిన ఆ పుస్తకం ఆధునిక మలయ్ వచనానికి నాంది అంటారు. అబ్దుల్లా మెలాకాలో పుట్టాడు. ఆయనలో అరబ్బు రక్తం, తమిళ రక్తం కలిసి ఉన్నాయి. చిన్నప్పుడు తండ్రి తనను కెలింగ్ భాష నేర్చుకోవడానికి పెట్టాడని ఆయన చెబుతాడు. ఆ భాష తమిళం. ఎందుకు పెట్టాడంటే, మెలాకాలో కలిగినవాళ్లూ మంచి కుటుంబాలవాళ్లూ తమ పిల్లలకు ఆ భాష నేర్పించడం పూర్వం నుంచీ ఆచారమట. ఊరంతా కెలింగ్ వర్తకులతో కిటకిటలాడేది కాబట్టి లెక్కాడొక్కా రావాలన్నా, మాట్లాడాలన్నా అది రావాల్సిందే. ఈ రోజు పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేయడానికి తల్లిదండ్రులు ఎంత తాపత్రయపడతారో, 1800 ప్రాంతంలో మెలాకాలో కెలింగ్ భాష కోసం అంత పడేవారన్నమాట. పినాంగ్‌లో కెలింగుల పెద్ద కాదర్ మొహిద్దీన్ 1801లో పునాది వేసిన మసీదును ఈ రోజుకీ ‘కపితాన్ కెలింగ్ మసీదు’ అంటారు. కపితాన్ అంటే ప్రభుత్వం గుర్తించిన కుల పెద్ద, జనం పెద్ద. అది హోదా.

వర్తకుల జాడ భాషలోనూ ఉంది. మలయ్‌లో ఓడను ‘కపల్’ అంటారు, దుకాణాన్ని ‘కెదాయ్’ అంటారు. రెండూ తమిళం నుంచి వెళ్లినవి. సరుకు దాచే చోటును ‘గుదాంగ్’ అంటారు. అందులో మన గిడ్డంగి స్పష్టంగా వినిపిస్తుంది. ఆ గుదాంగే ఇంగ్లీషు వాళ్ల నోట్లో గోడౌన్ అయి మళ్లీ మనకే వచ్చింది. ఇప్పుడు మనవాళ్లే గిడ్డంగి అని రాస్తారు, గోడౌన్ అని మాట్లాడతారు.

పందొమ్మిదో శతాబ్దంలో బొమ్మ తిరగబడింది. ఓడల్లో దిగే కెలింగులు మారారు. బట్టల మూటలతో వచ్చే సెట్టి వర్తకుల స్థానంలో సంకెళ్లతో ఖైదీలు వచ్చారు. 1825 నుంచి 1873 దాకా సింగపూర్ బ్రిటిష్ ఇండియా ఖైదీలకు ద్వీపాంతరవాస శిక్ష వేసే చోటు. అక్కడి రోడ్లు, సెయింట్ ఆండ్రూస్ చర్చి వాళ్ల చెమటతో కట్టినవే. ఆ వెనకే చెరకు, కాఫీ, రబ్బరు తోటలకు ఒప్పంద కూలీలు వచ్చారు. ఒప్పంద పద్ధతి 1910లో పోయినా, మేస్త్రీల ద్వారా కూలీలను రప్పించే కంగాణీ పద్ధతి 1938 దాకా సాగింది. కూలి లైన్లలో ఒకే గది, సాయంత్రం కంపెనీ కల్లు దుకాణం, నెలాఖరుకు మిగలని జీతం. మలయ్ పల్లెవాసికి ఇప్పుడు కళ్లెదుట కనిపించే కెలింగ్ ఆ మనిషి.

మాట మారలేదు. అది ఎవరి మీద పడుతుందో ఆ మనుషుల స్థితి మారింది. అందుకే దాని రంగు మారింది. ఈ సంగతి అర్థం కాకపోతే మిగతా అంతా అర్థం కాదు. తిట్టు అనేది మాట పుట్టుకలో ఉండదు. బలవంతుడి నోట్లోంచి బలహీనుడి మీద పడినప్పుడు అది తిట్టవుతుంది. కెలింగ్ సెట్టి దగ్గర అప్పు తీసుకున్నన్నాళ్లూ అది మర్యాద పేరే. కెలింగ్ కూలీ రబ్బరు పాలు గీసే రోజు వచ్చాక అదే పేరు చులకనైంది.

నిఘంటువులకెక్కిన సామెతలు చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. ‘కల్లు తాగి మత్తెక్కిన కెలింగ్‌లా’ అంటే పొంతన లేకుండా వాగడం. ‘ఓడ మునిగిన కెలింగ్‌లా’ అంటే గోలగోలగా అరవడం. రెండో సామెత గురించి కాసేపు ఆలోచించండి. ఓడ మునుగుతున్నప్పుడు మనుషులు అరవక ఏం చేస్తారు? ప్రాణభయంతో పరాయి భాషలో వేసిన కేకలు, ఒడ్డున ఉన్నవాడి చెవికి గోలలా వినిపించాయి. అర్థం కాని భాష ఎప్పుడూ రొదలాగే వినిపిస్తుంది.

ఈ విషయంలో మనం కూడా తక్కువేం తినలేదు. పక్కనున్న తమిళులను మనం తరతరాలుగా ‘అరవవాళ్లు’ అంటున్నాం. ఆ మాట అరువనాడు అనే ప్రాంతం పేరు నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. అంటే కెలింగ్ లాగే మొదట అదొక ఊరూ నాడూ సూచించే పేరు. కాని ‘అరవడం’ అనే క్రియతో జత కలిపి ‘అరవగోల’ అని నవ్వుకోవడం మనకు అలవాటు. ప్రాంతం పేరు జాతి పేరవడం, జాతి పేరు గోల అనే ఎగతాళి అవడం ఇక్కడా అక్కడా అచ్చంగా ఒకటే. తిరిగి మనల్ని ఉత్తరాది వాళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చినా విశాఖ నుంచి వచ్చినా ‘మద్రాసీ’ అన్నప్పుడు ఒళ్లు మండుతుంది. మద్రాసు మంచి ఊరే. ఊరి పేరు తిట్టు కాదు. కాని ఆ మాట అనే గొంతులో ‘మీరంతా ఒకటే, మీ తేడాలు మాకు అనవసరం’ అన్న ధోరణి ఉంటుంది చూశారా, అదే గుచ్చుకుంటుంది.

భాషాశాస్త్రంలో దీన్ని అర్థగ్రామ్యత అంటారు. మంచి అర్థమో మామూలు అర్థమో ఉన్న మాట దిగజారడం. ‘కంపు’ అంటే ఒకప్పుడు పరిమళం. ఇప్పుడు ముక్కు మూసుకుంటాం. ఛాందసుడంటే వేదం చదివినవాడు. ఇప్పుడు కాలం తెలియని మొండివాడు. కంపు దిగజారితే ఎవరికీ నొప్పి లేదు. మనుషుల జాతి పేరు దిగజారితే ఆ పేరున్న ప్రతి ఇంట్లోనూ నొప్పి ఉంటుంది.

ఈ నొప్పి నుంచే పుట్టింది జనం చెప్పుకునే ఒక కథ. సింగపూర్‌కు వచ్చిన భారతీయ ఖైదీలు నడుస్తుంటే కాళ్ల సంకెళ్లు ‘క్లింగ్, క్లింగ్’ అని చప్పుడు చేసేవట, ఆ చప్పుడే పేరైందట. ఆడవాళ్ల కాలి గజ్జెల చప్పుడని మరికొందరు అంటారు. ఇప్పటికీ చాలామంది దీన్ని నమ్ముతారు. ఇది నిజం కాదని తేల్చడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఖైదీలు వచ్చింది 1825లో, చానే శాసనం 1021 నాటిది. ఎనిమిది వందల ఏళ్లు ముందే ఉన్న మాట సంకెళ్ల చప్పుడు నుంచి ఎలా పుడుతుంది? అయినా ఆ కథను కొట్టిపారేసి ఊరుకోవడం సరికాదు. పుట్టుక విషయంలో అది అబద్ధం. ఆ మాట వింటే ఆ జనానికి ఏం గుర్తొస్తుందో చెప్పడంలో అది పచ్చి నిజం. వాళ్ల చెవిలో ఈ మాట వెనక కళింగ నౌకలు లేవు, సంకెళ్లే ఉన్నాయి.

అందుకే ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచే అభ్యంతరాలు మొదలయ్యాయి. సింగపూర్‌లో క్లింగ్ స్ట్రీట్ అనే వీధి ఉండేది. భారతీయులు నొచ్చుకుంటున్నారని 1920ల మొదట్లో దాన్ని చూలియా స్ట్రీట్‌గా మార్చారు. సుమత్రాలోని మేడాన్ నగరంలో కంపుంగ్ కెలింగ్ అనే పేట కంపుంగ్ మద్రాస్ అయింది. మలేషియా భాషా సంస్థ ప్రచురించే అధికారిక నిఘంటువులో ఈ మాట ఉండటం మీద 2003లో కోర్టులో దావా పడింది. వేసినవాళ్లలో భారతీయ ముస్లింల సంఘం ఒకటి ఉంది. 

నిఘంటువులోంచి మాటను తీసేస్తే సమస్య తీరుతుందా? తీరదు. నిఘంటువు చేయాల్సింది మాటను దాచడం కాదు, దాని వయసు, దాని గాయం రెండూ చెప్పడం. పాత గ్రంథాల్లో దీని అర్థం ఇది, ఇప్పుడు ఒక మనిషిని ఇలా పిలవడం అవమానం అని స్పష్టంగా రాస్తే చాలు. అలా రాయకుండా సామెతలను మాత్రం వరసగా పెడితే, నిఘంటువే ఆ చులకనకు ముద్ర వేసినట్టవుతుంది. ‘ఇది కళింగం నుంచి వచ్చిన గొప్ప మాట, ఎందుకు బాధపడతారు’ అనేవాళ్లు కూడా ఉన్నారు. వ్యుత్పత్తి చెప్పి బాధ తీర్చలేం. చిన్నప్పుడు బడిలో ఈ మాట పడి ఏడ్చిన మనిషికి అశోకుడి శాసనం చూపిస్తే ఏం ఊరట?

ఇదే రూపంలో వినిపించే వేరే మాటలు ఒకటి రెండు ఉన్నాయి. బోర్నియోలోని ఇబాన్ జాతి వీరగాథల్లో నాయకుడి పేరు కెలింగ్. ఇంజినీరింగ్ పనిలో రేకులను కలిపి బిగించే రివెట్‌నూ మలయ్‌లో కెలింగ్ అంటారు. ఒకేలా వినిపించినంత మాత్రాన వీటిని కళింగానికి ముడిపెట్టకూడదు. ఇండొనేషియాలో కారునలుపు ఒళ్లును ‘హితాం కెలింగ్’ అనడం మాత్రం మన కెలింగ్ నుంచి వచ్చిందే. జాతి పేరు చివరికి రంగు పేరైంది.

బర్మాలోనూ ఇలాంటిదే జరిగింది, అది తెలుగువాళ్లకు మరీ దగ్గర. కాకినాడ పక్కన కోరంగి రేవు ఉండేది. 1839 నాటి తుపానుకు తుడిచిపెట్టుకుపోయింది గాని, ఆ రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలను ‘కొరంగీలు’ అనేవారు. రంగూన్ రేవులో మూటలు మోసే మనిషి ఏ ఊరివాడైనా కొరంగీయే. రేవు పేరు మనిషి పేరైంది, మనిషి పేరు కూలి పేరైంది.

మలేషియాలో తెలుగువాళ్ల పరిస్థితి ఈ మాట విషయంలో ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ ప్రాంతపు కొబ్బరి తోటల్లో మన తీర జిల్లాల నుంచి వెళ్లిన కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. చుట్టూ తమిళులు ఎక్కువ. తోట బడిలో తమిళమే, సినిమా తమిళమే, బజారులో పలకరింపు తమిళమే. బయటివాళ్ల దృష్టిలో వాళ్లూ తమిళులే. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకుని, ఆదివారాలు పిల్లలకు అ ఆలు దిద్దించి భాషను కాపాడుకుంటూ వస్తున్నారు. కళింగం పేరు మీద పుట్టిన మాటకు నేలను బట్టి చూస్తే దగ్గరి వారసులు వీళ్లే. కాని ఆ మాట తిట్టుగా వీళ్ల మీద పడేటప్పుడు వీళ్లు తెలుగువాళ్లని అనేవాడికి తెలియదు. 1021లో జావా గుమాస్తాకు తెలిసిన తేడా ఇప్పటివాళ్లకు తెలియకుండా పోయింది.

మలయ్ గ్రంథాలను ఎవరైనా తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ మాట దగ్గర ఇబ్బంది పడక తప్పదు. హంగ్ తువా వెళ్లిన బెనువా కెలింగ్‌ను ఏమని రాయాలి? ‘తమిళదేశం’ అంటే కిస్న రాయన్ అక్కడ ఇమడడు. ‘కళింగదేశం’ అంటే విజయనగరం అక్కడ లేదు. ‘భారతదేశం’ అంటే గుజరాతీలకూ బెంగాలీలకూ మెలాకాలో వేరే పేర్లున్నాయి. అబ్దుల్లా నేర్చుకున్న కెలింగ్ భాష తమిళమైతే, జావా శాసనంలోని క్లింగ్ తమిళం కాదు. పాత కథలో ఆ మాటను ‘కెలింగ్’గానే ఉంచి, పక్కన నాలుగు వాక్యాల వివరణ ఇవ్వడమే సరైన దారి. ఇప్పటి నవలలో ఒక పాత్ర ఇంకో పాత్రను ఆ మాట అంటే మాత్రం, తెలుగులో చెంప మీద కొట్టినట్టుండే మాట వెతకాలి. అక్కడ కళింగం గురించి వివరణ రాస్తే కథ చచ్చిపోతుంది.